నీళ్ళలో గీత

కాలేజీ లాబరేటరీలో ఒక విద్య ఉంది. సిలబస్‌లో కనబడదు గాని పిల్లలందరికీ వచ్చు. రావలసిన జవాబు పుస్తకంలో చూసుకుని, అక్కణ్ణుంచి వెనక్కి లెక్క కట్టి, రీడింగులు రికార్డులో వేసుకోవడం! నేను తెలుగు మేష్టర్ని. అయినా స్టాఫు రూములో నా పక్క కుర్చీ ఫిజిక్సువారిది కనుక ఈ రహస్యం నాకూ తెలుసు.

మా మేనల్లుడు ఈ విద్యలో ఆరితేరినవాడే. బి.ఎస్సీ. రెండో ఏడు కాగానే, వేసవిలో రెండు నెలలు హైదరాబాదులో ఒక పరిశోధనాలయానికి వెళ్ళాడు. డి.ఎన్.ఏ.లో ఒక ముక్కకు యంత్రంలో లక్షలాది నకళ్ళు తీసి, వాటిని జెల్ మీద గీతగా చూడటం వాడి పని. ప్రతిసారీ ఒక గొట్టంలో మాత్రం డి.ఎన్.ఏ. బదులు ఉత్త నీళ్ళు పోస్తారట. అందులో గీత రాకూడదు. వీడికి వచ్చింది!

కాలేజీలో అయితే ఆ గొట్టం సంగతే మరచిపోయేవాడు. అక్కడి పెద్దాయన, "ఉన్నదున్నట్టు సిరాతో రాయి. ఎక్కణ్ణుంచి వచ్చిందో తర్వాత పట్టుకో" అన్నారట. ఒక్కొక్క సీసా మార్చి చూస్తూ మూడు వారాలు గడిపితే, దొంగ నీళ్ళ సీసాలోనే దొరికాడు.

"రెండు నెలలు పోయి నీళ్ళలో మురికి కనిపెట్టుకొచ్చావుట్రా?" అంది మా అక్కయ్య.

ఆవిడకు చెప్పిన మాటే మీకూ మనవి చేస్తాను. విశాఖపట్నంలో బాల్యం గడిపిన సి.వి. రామన్‌గారు మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుతూ, విద్యార్థులందరూ చేసే పట్టకం ప్రయోగమే చేస్తున్నారు. వెలుగు చారలు రెండు వైపులా ఒక్క తీరుగా లేవు. రికార్డుకు ఆ సంగతి అక్కరలేదు. ఆయనకు కావలసివచ్చింది. 1906 నవంబరులో లండన్ 'ఫిలసాఫికల్ మాగజైన్' ఆ విషయం మీద ఆయన వ్యాసం అచ్చువేసింది. అప్పటికి ఆయనకు 18 ఏళ్ళు.

మా తెలుగులోనూ ఇంతే. తాళపత్రానికి నకలు రాసేవాడు తనకు అర్థంకాని మాటను తోచినట్టు దిద్దేస్తే, కవి మాట గల్లంతవుతుంది. ఉన్నదున్నట్టు రాసిపెడితే, ఏనాటికో ఒకడు వచ్చి అర్థం చెబుతాడు.

మేనల్లుడు రామన్ అవుతాడని నేననను. కాని కనబడినదాన్ని దాచకుండా రాసే అలవాటు నిలిస్తే, రేపు వాడు మందుల ఫ్యాక్టరీలో చేరినా, ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసినా మనం నిశ్చింతగా ఉండవచ్చు. మీ పిల్లలు లాబరేటరీ నుంచి వస్తే మార్కులెన్నని అడగండి, తప్పులేదు. "అనుకోనిదేమైనా కనబడిందా?" అని కూడా అడిగి చూడండి.