పాటకు ధర ఎవరు చెల్లిస్తున్నారు?

సంగీతాన్ని గూర్చి మాట్లాడుకునేటప్పుడు మనము సాధారణంగా గాయకుని కంఠమాధుర్యాన్ని, కవి రచనా సౌందర్యాన్ని, స్వరకర్త ప్రతిభను ప్రస్తావిస్తాము. ఆ పాట మన చెవిదాకా ఏ దారిన వచ్చింది, ఆ దారిలో ఎవరెవరు సుంకం వసూలు చేసుకున్నారు అన్న విషయాన్ని మాత్రం వర్తకుల లెక్కగా భావించి వదిలివేస్తాము. అది అంత తేలికగా వదిలివేయదగిన విషయం కాదని నా అభిప్రాయం. గడచిన నూట ఇరవై ఏండ్లలో పాటను మోసే వాహనం మారినప్పుడల్లా గాయకుని రాబడి మారింది, దుకాణదారుని బ్రతుకు మారింది, పాట ఆకారం కూడా మారుతూ వచ్చింది. నేడు మన విద్యార్థుల చేతులలోనున్న సెల్‌ఫోను ఆ వాహనాలలో సరికొత్తది.

గ్రామఫోన్ కంపెనీ పక్షాన ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఆంగ్లేయ సంస్థ ఉద్యోగి 1902 నవంబరులో కలకత్తాలో గౌహర్ జాన్ గానాన్ని ముద్రించాడు. ఆ ముద్రలు ఓడలో జర్మనీలోని హానోవర్ నగరానికి వెళ్ళి, అక్కడ రికార్డులుగా తయారై తిరిగి వచ్చేవి. మన భాష ఎరుగని అక్కడి పనివారు ఏ రికార్డుపై ఎవరి పేరు అంటించాలో తెలుసుకొనుటకు వీలుగా గాయని పాట చివర ఆంగ్లంలో తన పేరు తానే చెప్పుకొనేది. కలకత్తాలో రికార్డుల కర్మాగారం 1908లో వెలిసింది. రికార్డుకు కావలసిన లక్క మన అడవులది, గొంతు మనది. అచ్చు మాత్రం కొన్నేండ్లపాటు పరాయి దేశానిది!

ఆ రికార్డు ఒక వైపున పట్టేది సుమారు మూడు నిమిషాల పాట. ఒక రాగాన్ని గంటసేపు విస్తరించగల విద్వాంసుడు దానిని మూడు నిమిషాలలో కుదించవలసి వచ్చింది. ఆలాపన కురచయై, తానం తగ్గి, పల్లవి త్వరగా వచ్చిపడింది. అందరికంటె ఎక్కువ ఇబ్బంది పడినవారు కవ్వాలీ గాయకులనుకుంటాను. కవ్వాలీ స్వభావమే వేరు. ఒక మిస్రాను పట్టుకొని పదిమార్లు తిప్పి, మధ్యలో మరొక కవి షేర్‌ను గిరహ్‌గా ముడివేసి, శ్రోతలలో ఎవరికి ఏ మాట తగిలిందో కనిపెట్టి, ఆ మాట దగ్గరే నిలిచిపోవడం అందులోని ప్రాణం. మూడు నిమిషాలలో శ్రోత సర్దుకొని కూర్చొనుట కూడా పూర్తికాదు. అయినప్పటికీ ఆనాటి కళాకారులు ఆ ఇరుకులోనే ఒక కొత్త కళను నేర్చుకున్నారన్నది నిజం. పాత డెబ్బది ఎనిమిది వేగపు రికార్డులను విన్నవారికి ఆ బిగువు ఎట్టిదో చెప్పనక్కరలేదు.

1948లో అమెరికాలో వెలువడిన ఎల్.పి. రికార్డు ఆ ఇరుకును కొంత విప్పింది. ఒక్కొక్క వైపున ఇరవై నిమిషాలకు పైగా పట్టే ఆ పళ్లెం మన దేశానికి చేరిన తరువాతనే దీర్ఘమైన కృతులకు చోటు దొరికింది. 1974లో పరమపదించిన ఘంటసాల వేంకటేశ్వరరావు గారు తమ చివరి కాలంలో గానం చేసిన భగవద్గీత ఎల్.పి.యే ఇందుకు మనకందరికీ తెలిసిన ఉదాహరణ. తాత్పర్య సహితంగా సాగే ఆ రచన మూడేసి నిమిషాల ముక్కలుగా వచ్చి ఉంటే తెలుగు ఇండ్లలో అది పొందిన స్థానం పొంది ఉండేది కాదు. ఎల్.పి.కి ఒక అట్ట ఉండేది. దానిపై కవి పేరు, స్వరకర్త పేరు, వాద్యకారుల పేర్లు, కొన్నిటిలో రాగ తాళ వివరాలు కూడా అచ్చయి ఉండేవి. ఆ అట్టను చదివి సంగీతం నేర్చుకున్న తరం ఒకటి ఉన్నదంటే అతిశయోక్తి కాదు. ధర మాత్రం సామాన్యునికి అందనిది. అతనికి దిక్కు 1957లో ఆరంభమైన వివిధభారతియే.

ఆనాటి వర్తకమంతా దాదాపుగా ఒకే కంపెనీ గుత్తాధిపత్యంలో ఉండేది. కుక్క బొమ్మ కంపెనీ అని మన పెద్దలు పిలిచేది దానినే. మంచి రికార్డింగు గది, అనుభవజ్ఞులైన ఇంజినీర్లు, చక్కని ముద్రణ దాని గుణాలు. ఆ కంపెనీ ‘వద్దు’ అన్న గాయకునికి మరొక ద్వారం లేకపోవుట దాని దోషం.

ఆ తలుపును బద్దలుకొట్టినది క్యాసెట్టు. ఫిలిప్స్ వారు 1963లో ప్రవేశపెట్టిన ఈ చిన్న పెట్టె మన ఊళ్ళకు చేరినది ప్రధానంగా గల్ఫ్ దారిన. 1970ల చివరిభాగంలో హైదరాబాదు పాతబస్తీ నుండి, కడప జిల్లా నుండి అరబ్బు దేశాలకు పనికి వెళ్ళినవారు సెలవుకు వచ్చేటప్పుడు జపాను టూ ఇన్ వన్ ఒకటి భుజాన వేసుకొని దిగేవారు. యంత్రం వచ్చినది కనుక దానికి మేత కావలసి వచ్చింది. కొద్దిపాటి పెట్టుబడితో ఎవరైనా పాటను ముద్రించి, నకళ్ళు తీసి అమ్ముకొనే అవకాశం మొదటిసారిగా ఏర్పడింది. ఉర్సుల వద్ద, జాతరల వద్ద తట్టలలో పోసి క్యాసెట్లు అమ్మిన కాలం అది. నాత్‌లు, కవ్వాలీలు, ముషాయిరాలు, బుర్రకథలు, జానపద గీతాలు, గద్దర్ పాటలు అన్నియూ ఆ దారినే ఊరూరా తిరిగాయి. 1971లో పద్మశ్రీ పొందిన హైదరాబాదు కవ్వాల్ అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ గారి వంటివారి గానం మహఫిల్ గడప దాటి సామాన్యుని ఇంటికి చేరుటకు క్యాసెట్టు ఎంతో తోడ్పడింది. అరవై నిమిషాల టేపులో గిరహ్‌కు చోటు దొరికింది, శ్రోతల ‘వాహ్’కు కూడా చోటు దొరికింది.

ఇక్కడ రికార్డింగు సెంటర్లను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. బస్టాండు సమీపంలో ఒక ఇరుకు గది, గోడలనిండా టేపులు, లోపల రెండు డెక్కులు. పాటల పట్టీ వ్రాసి, ఖాళీ క్యాసెట్టుకు డబ్బు కట్టి వస్తే రెండు రోజులకు మన పాటలు మనకు సిద్ధమయ్యేవి. చివర రెండు నిమిషాలు మిగిలితే దుకాణదారు తనకు నచ్చిన పాట ఒకటి నింపేవాడు. మనము అడుగని ఆ పాట వలననే తలత్ మహమూద్‌నో, పి.బి. శ్రీనివాస్‌నో తెలుసుకున్నవారు ఎందరో! రసజ్ఞత కలిగిన దుకాణదారు ఊరికొక సంగీత గురువు వంటివాడు. అయితే ఆ రెండు నిమిషాలకు గాని, మిగిలిన యాభై ఎనిమిది నిమిషాలకు గాని గాయకునికి చేరినది శూన్యం. ఇది కూడా చెప్పుకోవాలి.

దొంగ నకళ్ళ బెడద అంతటితో ఆగలేదు. నకలుకు నకలు తీయుటలో ప్రతి మెట్టునా బుస పెరిగి, స్వరం మసకబారేది. 1983లో ఆరంభమైన టి-సిరీస్ వంటి సంస్థలు తక్కువ ధరకు క్యాసెట్లను అమ్మి పాత కంపెనీని గట్టిగా దెబ్బతీశాయి. ప్రసిద్ధమైన పాటను మరొక గొంతుతో పాడించి అమ్ముటకు 1957 నాటి కాపీరైటు చట్టంలో, మొదటి రికార్డు వచ్చిన రెండేండ్ల తరువాత, అవకాశం ఉండేది. ఆ సందులో నుండి వెర్షన్ పాటలు పుట్టుకొచ్చాయి. రఫీ పాట రఫీ కానివారు పాడితే కవికి, స్వరకర్తకు న్యాయంగా చేరవలసినది చేరిందా అన్నది వేరే ప్రశ్న. ఆ గడువును 2012 సవరణ ఐదేండ్లకు పెంచింది. నా దృష్టిలో క్యాసెట్టు యుగము అన్నిటిలోకి ఉదారమైనది, అన్నిటిలోకి అన్యాయమైనది కూడా. ఉదారత శ్రోతకు దక్కింది, అన్యాయం కళాకారునికి దక్కింది.

చలనచిత్ర సంగీతంలో కళాకారుని స్థితి మరీ విచిత్రం. నిర్మాత సొమ్ము చెల్లించి వ్రాయించుకున్న పాటపై తొలి హక్కు, వేరే ఒప్పందం లేనప్పుడు, నిర్మాతదేనని సుప్రీంకోర్టు 1977లో తీర్పు చెప్పింది. నిర్మాత ఆ హక్కును ఆడియో కంపెనీకి ఒక మొత్తానికి అమ్మివేసేవాడు. పాట ఇరవై ఏండ్లు మ్రోగినా కవికి తొలినాటి పారితోషికమే మిగిలేది. 2012 సవరణ తరువాతనే సినిమా పాటలను ఇతర మార్గాలలో వినియోగించినప్పుడు రచయితకు, స్వరకర్తకు వచ్చే రాయల్టీ వాటాను వారు వదులుకున్నా చెల్లదన్న నియమం ఏర్పడింది. తెలుగువారి ఆడియో ఫంక్షనును గమనించండి. ఒకప్పుడు ముఖ్య అతిథి తొలి క్యాసెట్టును, తరువాత తొలి సి.డి.ని ఆవిష్కరించి మరొకరికి అందించేవారు. నేడు దానినే ప్రీ రిలీజ్ ఈవెంట్ అంటున్నారు. చేతికి అందించుటకు వస్తువే లేనప్పుడు పాత పేరు ఎట్లు నిలుస్తుంది?

సి.డి.ని గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. శుభ్రమైన ధ్వనిని తెచ్చింది; కొన్నేండ్లకే ఒక పళ్లెంలో నూరు పాటలు కుక్కిన ఎం.పి.త్రీ దానిని కాలిబాటపైకి ఈడ్చింది. ఆ పాటలు కుక్కుటలో పల్చనైన ధ్వనులను యంత్రం పారవేస్తుంది. తబలా చివరి రణనము, తంబూరా శ్రుతి మొదట నష్టపోయేవి. నేడు మెరుగైన ధ్వని ఫోనులోనే లభిస్తున్నది గాని, గవ్వంత స్పీకరులో వినేవారికి దానితో ప్రయోజనం స్వల్పం. దుకాణాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 1940ల నుండి బొంబాయి సంగీతప్రియులకు తీర్థస్థలమైన రిథమ్ హౌస్ 2016లో తలుపులు మూసింది. మన ఊళ్ళలోని రికార్డింగు సెంటర్లు సెల్‌ఫోను రీచార్జి దుకాణాలైనవి.

ఇక నేటి పద్ధతి. 2019లో మన దేశానికి వచ్చిన స్పాటిఫై వంటి సేవలలో పాటను కొనము, అద్దెకు వింటాము. 2024లో వింక్ అనే సేవ మూతపడినప్పుడు అందులో దాచుకున్న పాటల పట్టికలు కూడా దానితో పోయాయి. డబ్బు పంచే విధానం విద్యార్థులు తెలుసుకోదగినది. చందాదారులు కట్టిన సొమ్మంతా, ప్రకటనల రాబడితో సహా, ఒక రాశిగా పోసి, సంస్థ తన వాటా తీసుకున్న మీదట మిగిలినదానిని మొత్తం శ్రవణాలలో ఎవరి పాటకు ఎంత భాగం వచ్చిందో అంత చొప్పున పంచుతారు. ఒక విద్యార్థి నెలంతా ఒకే ఒక గజల్ గాయకుని విన్నాడనుకుందాము. అతని చందా ఆ గాయకునికే పోతుందని అనుకొనుట సహజం. అది రాశిలో కలిసిపోతుంది. రాశిలో పెద్ద వాటా కోట్లసార్లు మ్రోగిన సినిమా పాటలది. శ్రోత చందాను శ్రోత విన్నవారికే పంచే పద్ధతిని సౌండ్‌క్లౌడ్ సంస్థ 2021లో కొందరు కళాకారుల విషయంలో ఆరంభించింది. పెద్ద సంస్థలు ఆ త్రోవ పట్టలేదు. పైగా 2024 నుండి స్పాటిఫైలో, పన్నెండు నెలలలో వెయ్యిసార్లు కూడా వినబడని పాటకు రికార్డింగు రాబడి లేదు. మన కళాశాల వార్షికోత్సవంలో చక్కగా పాడే విద్యార్థి రేపు తన పాటను అక్కడ చేర్చితే మొదట ఎదురయ్యేది ఈ గోడయే.

పాట ఆకారం మళ్ళీ మారుతున్నది. ముప్పది క్షణాలు వింటేనే ఒక శ్రవణంగా లెక్కకు వస్తుంది. కనుక ఆ ముప్పది క్షణాలలో శ్రోతను పట్టి నిలుపవలెనన్న ఆతురత స్వరకర్తలకు పట్టుకున్నది. ముందరి వాద్యఖండం కురచ అవుతున్నది, పల్లవి మొదటే వచ్చి మీద పడుతున్నది. డెబ్బది ఎనిమిది వేగపు రికార్డు మూడు నిమిషాలైనా ఇచ్చింది!

అయితే ఈ పద్ధతిని పూర్తిగా నిందించుట న్యాయం కాదు. తెలంగాణ పల్లెల నుండి ఏ కంపెనీ గడపా తొక్కని గాయనీగాయకులు యూట్యూబు ద్వారా తమ జానపద గీతాలను లక్షలాది మందికి వినిపిస్తున్నారు. అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ గారి మనుమలు పాడే కవ్వాలీని దుబాయిలో ఉన్న హైదరాబాదీ ఇంట కూర్చొని వినగలడు. ద్వారపాలకుడు లేడు. ఆ మేరకు మేలే. నా అభ్యంతరం పేర్ల విషయంలో. ఎల్.పి. అట్ట మీద ఉన్న కవి, సారంగి వాద్యకారుడు, తబలా వాద్యకారుడు ఫోను తెరపై చాలాసార్లు కనబడరు. గాయకుని పేరు, కంపెనీ పేరు మిగిలాయి. గౌహర్ జాన్ తన పేరు తానే చెప్పుకొనవలసిన స్థితి నూరేండ్ల తరువాత మరొక రూపాన తిరిగి వచ్చినట్లున్నది. పేరు లేనివానికి రాయల్టీ ఎవరు పంపుతారు?

ఈ సందర్భాన కళాశాల కార్యవర్గానికి, విద్యార్థులకు ఒక సూచన చేయదలచాను. ఉర్సులలో, జాతరలలో అమ్ముడుపోయిన క్యాసెట్లలో ఎన్నో ఏ సెల్‌ఫోను సేవలోనూ లేవు. వాటిని ముద్రించిన చిన్న కంపెనీలు మూతపడ్డాయి. హక్కు ఎవరిదో చెప్పేవారు లేరు. అయస్కాంత టేపు శాశ్వతం కాదు. తేమకు బూజు పడుతుంది, పూత రాలిపోతుంది. మన విద్యార్థుల ఇండ్ల అటకలపై ఇట్టివి ఎన్ని పడి ఉన్నాయో! గ్రంథాలయంలో ఒక మూలన బాగుగా పనిచేసే టేపు డెక్కు ఒకటి, కంప్యూటరు ఒకటి ఏర్పాటు చేసి వీటిని సేకరించి భద్రపరచవచ్చును. ఉర్దూ శాఖవారు కవ్వాలీల, నాత్‌ల సాహిత్యాన్ని, తెలుగు శాఖవారు జానపద గీతాల సాహిత్యాన్ని వ్రాసి పెట్టగలరు. వాటిని ఇంటర్నెట్టులో పెట్టవద్దు. గాయకులు గాని, వారి వారసులు గాని దొరికి అనుమతించిన పిమ్మట ఆ సంగతి చూడవచ్చును. వార్షికోత్సవానికి కవ్వాల్‌ను పిలిచినప్పుడు శాలువాతో పాటు న్యాయమైన పారితోషికం కూడా ఇవ్వాలని వేరే చెప్పనక్కరలేదు.

పని పెద్దది కాదు గాని ఓపిక కావాలి. బూజు పట్టిన టేపును డెక్కులో పెట్టి వెంటనే మ్రోగించరాదు. అది టేపును తెంపుతుంది, హెడ్డును పాడుచేస్తుంది. పెన్సిలుతో నెమ్మదిగా త్రిప్పి టేపు కదులుతున్నదో లేదో చూడవలె. ప్రతి క్యాసెట్టుకు ముందుగా లోపలి కాగితాన్ని రెండు వైపులా ఫొటో తీయాలి. కవి పేరు, తబలా వాద్యకారుని పేరు ఉండేది ఆ కాగితం మీదనే.