కిక్కు కొలతతో కల్లుకు అన్యాయం

హోసూరు పక్కనున్న తొరపల్లిలో 1878లో పుట్టిన రాజాజీ, మద్రాసు ప్రభుత్వానికి ప్రధాని అయ్యాక, 1937 అక్టోబరు 1న మద్యనిషేధాన్ని మొట్టమొదట సేలం జిల్లాలోనే పెట్టారు. ఇప్పటి కృష్ణగిరి జిల్లా అంతా అప్పట్లో సేలంలోదే. ఆ తర్వాత నిషేధం సడలింది, బిగిసింది, మళ్లీ సడలింది. కల్లు మాత్రం 1987 జనవరి 1 నుంచి తమిళనాడులో నేరంగానే ఉండిపోయింది. 2003 నుంచి మద్యం చిల్లర అమ్మకమంతా ప్రభుత్వ సంస్థ టాస్మాక్ చేతిలో ఉంది. కాబట్టి హోసూరులో 42.8 శాతం ఆల్కహాల్ ఉన్న బ్రాందీ సర్కారు దుకాణంలోనే దొరుకుతుంది. మామూలుగా ఐదారు శాతం ఉండే ఈతకల్లు గీస్తే కేసు పడుతుంది. ఈ నిషేధం ఎత్తెయ్యమని రైతులు, గీత కార్మికులు అడగడం న్యాయమే. కానీ కల్లును సమర్థించేవాళ్లూ వ్యతిరేకించేవాళ్లూ దాన్ని చూసేది మత్తు లెక్కలోనే. రుచిని చూసి మంచీ చెడూ తేల్చే పద్ధతి మన చర్చలోకే రాలేదు. అది లేకపోవడమే కల్తీకి బలమని నా వాదన.

అలాంటి పద్ధతి ఎలా ఉంటుందో బెల్జియం వాళ్ల ముదురురంగు స్ట్రాంగ్ ఏల్ బీరును చూస్తే తెలుస్తుంది. షిమే బ్లూలో 9 శాతం ఆల్కహాల్ ఉంటుంది, వెస్ట్‌వ్లెటెరెన్ 12లో 10.2, రోష్‌ఫోర్ 10లో 11.3. మన ఆహార భద్రతా ప్రమాణాల్లో స్ట్రాంగ్ బీరుకు పైహద్దు 8 శాతమే. అంత ఘాటైన బీరుకు మార్కులు వేసేటప్పుడు ఘాటుకు మార్కులుండవు. దాన్ని మంచులా చల్లగా తాగరు. పది పద్నాలుగు డిగ్రీల దగ్గర, వెడల్పాటి గ్లాసులోకి, సీసా అడుగున పేరుకున్న ఈస్టు మడ్డి కదలకుండా వంపుతారు. రాగిఛాయ కలిసిన గోధుమరంగు, పైన దట్టమైన నురగ. ఆ రంగు మాడ్చిన గింజలది కాదు, చాలావరకు ముదరకాచిన చక్కెర పాకానిది. గ్లాసును ముక్కు దగ్గర పెడితే ఎండుద్రాక్ష, అంజీర, వాటి వెనక సన్నగా మిరియం, లవంగం. అందులో మిరియాలూ లవంగాలూ వేసి ఉండక్కర్లేదు. ఆ వాసనల్లో ఎక్కువ భాగం పులియబెట్టే ఈస్టు పుట్టించేవే. నాలుక మీద తీపి తగిలి, మింగేసరికి ఆ తీపి తేలిపోవాలి. గొంతులో వెచ్చదనం ఉండొచ్చు, మంట ఉండకూడదు. జిగటగా మిగిలినా, స్పిరిట్ వాసన కొట్టినా మార్కులు పోతాయి. పదకొండు శాతం ఆల్కహాల్ ఉండీ అది పైకి తేలకపోవడమే అక్కడ పనితనం.

కల్లు అంతకన్నా సులువైన పానీయమేమీ కాదు. చెట్టు నుంచి కారే నీటిలో పది పదిహేను శాతం చక్కెర ఉంటుంది. లొట్టికి సున్నం పూస్తే అది పులియదు, అదే నీరా. పూయకపోతే లొట్టిలోనూ గాలిలోనూ ఉన్న ఈస్టే పని మొదలుపెడుతుంది, గంటల్లో నురగ కడుతుంది, లాక్టిక్ బ్యాక్టీరియా పులుపు తెస్తుంది. రోజు దాటితే వినెగర్ దారి పడుతుంది. పొద్దున దించిన కల్లుకూ మాపటి కల్లుకూ, పోతుతాటికీ పండుతాటికీ, తాటికీ ఈతకూ ఉన్న తేడా గీసేవాడి ముక్కుకు తెలుసు. నీళ్లు కలిపితే నోట్లో పలచబడుతుంది. శాకరిన్ వేస్తే తీపి మింగాక కూడా వదలదు, వెనకాలే చేదు తగులుతుంది. ఇవన్నీ మార్కులు వేయదగిన లక్షణాలే. గంట గంటకూ మారేదానికి గ్రేడెలా కడతారని అడగొచ్చు. దించిన గంటను లొట్టి మీద రాయడమే అందుకు తొలి మెట్టు. బెల్జియం ఏల్ సీసాలో ఏళ్ల తరబడి మారుతుంది, కల్లు ఒక్క పూటలో మారుతుంది. మారడం ఎలాగో తెలిస్తే రెండింటికీ లెక్క కట్టవచ్చు.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఒకటుంది: విషాన్ని నాలుక పట్టలేదు. నిజం. 2024 జూన్‌లో కళ్లకురిచ్చిలో మిథనాల్ కలిసిన సారా అరవై మందికి పైగా ప్రాణాలు తీసింది. మిథనాల్‌ను రుచితో వేరు చెయ్యలేం. తెలంగాణలో కల్లులో కలుపుతూ పట్టుబడిన ఆల్ప్రజోలం, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్‌ల సంగతీ అంతే, వాటికి ప్రయోగశాల పరీక్ష తప్పదు. కానీ ఆ మందులు కల్లులోకి ఎందుకు వచ్చాయి? కొనేవాడు అడిగేది కిక్కు ఒక్కటే అయినప్పుడు డయాజిపామ్ కలిపిన కల్లే మంచి కల్లనిపించుకుంటుంది, నిఖార్సైన కల్లు అమ్మేవాడు నష్టపోతాడు. పరీక్ష దొంగను పట్టుకుంటుంది. ఆ దొంగ సరుకుకు గిరాకీ తగ్గాలంటే కొనేవాడి కొలత మారాలి.

రుచి నేర్పడమంటే తాగుడు నేర్పడమే కదా అని రాజాజీ వైపు నిలబడేవాళ్లు అంటారు. కూలిడబ్బు ఇంటికి చేరాలన్న ఆయన తపనను తేలిగ్గా తీసిపారెయ్యలేం. అయితే ఈ రోజు ఆ కూలిడబ్బును మింగుతున్నది క్వార్టర్ బాటిలు, దాన్ని ఎవరూ రుచి కోసం తాగరు. వాసన చూసి, ఆగి, తేడా కనిపెట్టి తాగే అలవాటు గుటకను నెమ్మది చేస్తుంది. తాగుడు వ్యసనమైనవాడిని ఈ పద్ధతి మార్చదు, అతనికి కావలసింది వైద్యం. నేను మాట్లాడుతున్నది మిగతా వాళ్ల గురించి.

చట్టం మారేదాకా ఆగక్కర్లేదు. పులియని నీరాకు తమిళనాడులో అనుమతి ఉంది. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో ప్రభుత్వమే నీరా కేఫ్ తెరిచింది. కృష్ణగిరి జిల్లా పైయూరులో వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రం ఉంది. నీరాకు అక్కడ రుచి పరీక్షలు మొదలుపెట్టి, ఏ చెట్టుది, ఏ నెలది, ఎన్ని గంటలది అని రాసి మార్కులు వేయవచ్చు. ఆ బల్ల దగ్గర శాస్త్రవేత్తలతో సమానంగా, దినభత్యం తీసుకుంటూ, హోసూరు చుట్టుపక్కల మొరసునాడు గీత కార్మికులు కూర్చోవాలి. ముందుగా ముక్కు పెట్టాల్సింది వాళ్లే.