అడవి దాటితే ఆదివాసీ కాడా?

రెండేండ్లకోసారి మేడారం జాతర వస్తుంది. మంత్రులు, ఎమ్మెల్యేలు, అన్ని పార్టీల నాయకులు వరంగల్ మీదుగా బారులు కడతారు. సమ్మక్క సారలమ్మల గద్దెల కాడ నిలువెత్తు బంగారం తూగుతారు, ఫొటోలు దిగుతారు. 1996లో ఈ జాతరను రాష్ట్ర పండుగ కూడా చేశారు. మంచిదే. కానీ పొద్దు పొడవకముందే పనికోసం వరంగల్, హన్మకొండ అడ్డాల మీద నిలబడే కోయ, నాయకపోడు, లంబాడా కూలీ ముందు ఆ కార్లలో ఒక్కటైనా ఆగిందా? అడవిలో ఉన్నోని పేరు మీద పండుగన్నా జరుగుతుంది. పట్నం చేరినోన్ని ఎవరూ పట్టించుకోరు.

గిరిజనుడంటే ఏజెన్సీలోనే ఉంటాడని సర్కారు లెక్క. భూమికి 1/70 ఉంది. గ్రామసభకు 1996 నాటి పెసా ఉంది. పోడుకు 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. ఇవన్నీ కొట్లాడి సాధించుకున్నవే, వీటిని తక్కువ చేసేదేమీ లేదు. అయితే ములుగు దాటి వచ్చి హన్మకొండలో గది కిరాయికి తీసుకున్నోని ఇక్కడి బతుకుకు వీటిలో ఒక్కటీ అక్కరకు రాదు. ఐటీడీఏ దాదాపు వంద కిలోమీటర్ల అవతల ఏటూరునాగారంలో ఉంది. నగరంలో గిరిజన సంక్షేమమంటే ప్రధానంగా హాస్టలు, స్కాలర్‌షిప్. ఇంటి జాగ, నల్లా, పట్టా అడిగితే కార్పొరేషన్‌కు పొమ్మంటారు. కార్పొరేషన్ దృష్టిలో వాళ్లు గిరిజనులు కారు, మురికివాడ జనం.

ఎరుకలోళ్ల గోస మరింత ఘోరం. వాళ్లకు అడవీ లేదు, ఏజెన్సీ లేదు. గంపలు, బుట్టలు అల్లి, పందులు పెంచి, ఊరి అంచున బతికిన తెగ. తెల్లదొరలు 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టం ఎన్నో సంచార తెగల మీద దొంగలన్న ముద్ర వేసింది. మద్రాసు రాష్ట్రంలో ఎరుకల మీద కూడా వేసింది. 1952లో చట్టం రద్దయింది కానీ ముద్ర చెరగలేదు. ప్లాస్టిక్ వచ్చి గంపను మింగింది. పట్నం పెరిగినకొద్దీ పందులను ఊరవతలికి తోలమంటారు. తోలినంక ఏం తిని బతకాలో మాత్రం చెప్పరు.

మరి పార్టీలు ఏం చేస్తున్నాయి? 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి వరంగల్ జిల్లాలో గిరిజనులు 15 శాతం. ములుగు, మహబూబాబాద్, డోర్నకల్ అసెంబ్లీ స్థానాలు ఎస్టీలకు రిజర్వు. నగరంలోని వరంగల్ తూర్పు, పశ్చిమ స్థానాలు జనరల్. కాబట్టి నగర గిరిజనుని ఓటు ఏ పార్టీ లెక్కలోనూ గెలుపోటములు తేల్చే ఓటు కాదు. అన్ని పార్టీలకూ ఎస్టీ సెల్లులు, మోర్చాలు ఉన్నాయి. సభ ముందు డోలు, నృత్యం కావాలంటే బండి పంపుతారు. కార్పొరేటర్ టికెట్ అడిగితే రిజర్వుడు డివిజన్ చూసుకోమంటారు.

2017 చివర నుంచి ఆదివాసీ, లంబాడా పంచాయితీ రోడ్డెక్కింది. ఎస్టీ జాబితాలో ఎవరుండాలన్నది రాజ్యాంగం ప్రకారం తేలాల్సిన విషయం. పార్టీలు తేల్చకుండా ఇద్దరి దగ్గరా ఓట్లు ఏరుకుంటున్నాయి. ఒకే గల్లీలో ఉంటున్న ఆ ఇద్దరూ నీళ్లకోసం ఒకే ట్యాంకర్ ముందు నిలబడుతున్నారు.

కాకతీయ యూనివర్సిటీ గేటు నుంచి మేం తీసిన ర్యాలీల్లో గిరిజన హాస్టళ్ల పిల్లలు ముందు వరుసలో నడిచారు. 2011 సకల జనుల సమ్మెలో గిరిజన ఉద్యోగులు జీతాలు వదులుకున్నారు. ముల్కీ రూల్స్ నుంచి 610 జీవో దాకా మనం అడిగింది ఒక్కటే: ఇక్కడోనికి ఇక్కడ వాటా. ఆ న్యాయం నగర గిరిజనునికి వర్తించదా? రాష్ట్రం వస్తే 12 శాతం రిజర్వేషన్ అన్నారు. 2017లో 10 శాతానికి బిల్లు చేశారు, 2022 సెప్టెంబర్‌లో 33 జీవోతో అమలు చేశారు. 2014 విభజన చట్టంలో రాసిన గిరిజన యూనివర్సిటీకి పార్లమెంటు చట్టం చేసింది 2023 డిసెంబర్‌లో! రాతలో ఉన్నదానికే ఇన్నేండ్లు పడితే, ఎక్కడా రాయని నగర గిరిజనుని సంగతి ఎప్పుడు తెములుతుంది?

2018 పంచాయతీరాజ్ చట్టంతో తండాలు, గూడేలు పంచాయతీలైనయి. నగరంలో కలిసిన ఊళ్ల గిరిజనులకు మాత్రం గ్రామసభ కూడా లేకుండా పోయింది. 2019 మున్సిపల్ చట్టం వార్డుకు నాలుగు కమిటీలు పెట్టింది. యువతకు ఒకటి, మహిళలకు ఒకటి, వృద్ధులకు ఒకటి, ప్రముఖులకు ఒకటి. గిరిజనునికి కుర్చీ ఏది?

అడిగేది కొండంత కాదు. 2024 ఇంటింటి సర్వేలో రాష్ట్రంలో ఎస్టీలు 10.45 శాతమని తేల్చారు. గ్రేటర్ వరంగల్ 66 డివిజన్లలో ఎక్కడ ఎందరున్నారో ఆ లెక్కను బయటపెట్టాలి. 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం కింద ఈ నగరంలో ఎన్ని రూపాయలు ఏ గల్లీలో ఖర్చయినయో ప్రకటించాలి. ఐటీడీఏకు నగరంలో ఒక కార్యాలయం, వార్డు కమిటీల్లో గిరిజనులకు చోటు కావాలి. పార్టీలు జనరల్ డివిజన్లలోనూ గిరిజనులకు టికెట్లు ఇయ్యాలి.

విద్యార్థులారా, ఉద్యోగులారా, మన ఉద్యమంలో వాళ్లు నడిచారు. ఇప్పుడు వాళ్ల దరఖాస్తు మీద మనం సంతకం పెట్టాలి. ఓట్లకోసం గల్లీలోకి వచ్చే ప్రతి నాయకున్నీ ముందు ఈ లెక్క అడగాలి.