వరదనీరు, ఎలుకజ్వరం, మన వాకిటి కుక్క

మన ప్రాంతంలో కుక్కను పెంచేవారిని టీకా వేయించారా అని అడిగితే, వారు పిచ్చికుక్క వ్యాధి టీకాను గురించే చెబుతారు. ఆ జాగ్రత్త మెచ్చదగినదే. కాని ఖమ్మం మైదానం ముగిసి భద్రాచలం అడవి మొదలయ్యే ఈ సీమలో, గోదావరి పొంగే ఈ తీరంలో, ఆ ఒక్క టీకాతో కుక్కకు గాని, దానితో కలసి బతికే మనిషికి గాని పూర్తి రక్షణ లభించదు. ఎలుకజ్వరమని వ్యవహరింపబడే లెప్టోస్పైరోసిస్ ఇక్కడి నేలకు, నీటికి సరిపోయే వ్యాధి. దానిని గురించి విద్యార్థి మిత్రులకు, కళాశాల కార్యవర్గానికి విన్నవించడం అవసరమని భావించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ఈ వ్యాధికి మూలం లెప్టోస్పైరా అనే మెలితిరిగిన సూక్ష్మజీవి. ఎలుక, పందికొక్కు, పశువు, పంది, కుక్క మొదలైన జంతువుల మూత్రపిండాల్లో అది కాపురముండి మూత్రంతో వెలుపలికి వస్తుంది. ఎలుకకు దీనివల్ల చెప్పుకోదగిన బాధ లేదు. అది హాయిగా తిరుగుతూనే నెలల తరబడి నేలను, నీటిని కలుషితం చేస్తుంది. తడినేలలో, నిలవనీటిలో ఈ సూక్ష్మజీవి వారాల తరబడి బతకగలదు. ఎండకు, ఆరుదలకు త్వరగా నశిస్తుంది. కాలి పగుళ్ల గుండా, గీరుకుపోయిన చర్మం గుండా, కన్ను ముక్కు నోటి పొరల గుండా అది శరీరంలో ప్రవేశిస్తుంది. మనిషికైనా కుక్కకైనా దారి ఇదే.

ఇది నిన్న మొన్న పుట్టిన రోగం కాదు. 1886లో జర్మనీ దేశపు వైద్యుడు అడాల్ఫ్ వైల్ కామెర్లతో, మూత్రపిండాల వైఫల్యంతో కూడిన ఒక జ్వరాన్ని వర్ణించాడు. 1898లో స్టుట్‌గార్ట్ నగరంలో కుక్కల ప్రదర్శన జరిగిన తరువాత అక్కడి కుక్కలు ఇటువంటి వ్యాధితోనే మరణించాయి. ఇనాడ, ఇదో అనే జపాను వైద్యులు క్యూషూ ద్వీపపు బొగ్గుగనుల కార్మికులను పరీక్షించి ఈ సూక్ష్మజీవిని గుర్తించి 1916లో లోకానికి వివరించారు. తడి, చీకటి, ఎలుక కలిసిన చోటు గని. కొత్తగూడెం, ఇల్లందు బొగ్గుగనుల పేర్లు వింటూ పెరిగిన మన విద్యార్థులకు ఈ చరిత్ర పరాయిది కాకూడదు. మన దేశంలో అండమాన్ దీవులలో ఈ జ్వరాన్ని 1930 ప్రాంతంలోనే గుర్తించారు. 2015లో ప్రచురితమైన ఒక అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 10 లక్షల మందికి ఈ వ్యాధి సోకుతున్నది. దాదాపు 59 వేల మంది మరణిస్తున్నారు.

ఇక కుక్కలలో ఇది ఎంత విరివిగా ఉన్నది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు రెండు సంగతులను వేరుచేసి చూడాలి. సూక్ష్మజీవి సోకడం ఒకటి. వ్యాధి ముదిరి కనబడడం మరొకటి. రక్తంలో ప్రతిరక్షకాలను వెదికిన పరిశోధనలు ఒక్కొక్క చోట ఒక్కొక్క సంఖ్యను చూపాయి. కొన్ని చోట్ల నూటికి అయిదారు కుక్కలే ఈ సూక్ష్మజీవిని ఎరిగినవి. వానలు, వీధికుక్కలు అధికంగా ఉన్న మరికొన్ని చోట్ల సగానికి పైగా ఎరిగినవే. ఐతే ప్రతిరక్షకాలున్న ప్రతి కుక్కా రోగి కాదు. టీకా వేసిన కుక్కలోనూ అవి కనబడతాయి. కాబట్టి పెద్ద సంఖ్యను చూసి బెదరిపోవడం ఎంత పొరపాటో, కళ్ళెదుట జబ్బు కుక్క కనబడలేదు గనుక రోగమే లేదనుకోవడం అంత పొరపాటు. సోకిన కుక్కల్లో చాలా వాటికి ఏమీ కాదు. కొన్నింటికి మాత్రం జ్వరం, వాంతులు, ఆకలి లేకపోవడం, కండరాల నొప్పి, విపరీతమైన దాహం వస్తాయి. ఆ తరువాత కళ్ళు, చిగుళ్ళు పచ్చబడతాయి, మూత్రపిండాలు చెడిపోతాయి. చికిత్స ఆలస్యమైతే ప్రాణం దక్కదు.

ముప్పును పెంచే కారణాలను లెక్కిస్తే, అవన్నీ మన సీమను చూసి రాసినట్లే ఉంటాయి. మొదటిది వాన, వరద. భద్రాచలం వద్ద గోదావరికి తొలి ప్రమాద హెచ్చరిక 43 అడుగులకే జారీ అవుతుంది. 1986 ఆగస్టులో నీటిమట్టం 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. 2024 సెప్టెంబరు మొదట మున్నేరు పొంగి ఖమ్మం పట్టణంలోనే ఇళ్ళను ముంచెత్తింది. వరద వచ్చినప్పుడు కలుగులు మునిగి ఎలుకలు మెరకకు చేరతాయి. మనుషులూ, పశువులూ, కుక్కలూ చేరేది ఆ మెరకకే. నీరు తీసిన తరువాత మిగిలే బురద, గుంటలు అసలు ప్రమాదస్థానాలు.

రెండవది ఎలుక. వడ్ల బస్తాలున్న చోట పందికొక్కు తప్పదు. చెత్తకుప్ప ఉన్న చోట ఎలుక తప్పదు. మూడవది అడవి. గూడెంలోని కుక్క ఇంటి కాపలాకే పరిమితం కాదు. అది పోడుచేనికి వెళుతుంది, పశువుల వెంట తిరుగుతుంది, అడవిపందుల జాడ పడుతుంది, దారిలోని మడుగులో నీళ్ళు తాగుతుంది. నాల్గవది, టీకా లేకపోవడం. ఈ నాలుగూ ఒక్కచోట కూడిన ప్రాంతం మనది. పట్టణంలో మేలుజాతి కుక్కను పెంచేవారు తమకేమీ భయం లేదనుకోరాదు. వానలు అరుదైన అమెరికాలోని లాస్ ఏంజిలస్‌లో 2021లో రెండు వందలకు పైగా కుక్కలకు ఈ వ్యాధి సోకింది. వాటిలో అనేకం యజమానులు ఊరికి వెళ్ళినప్పుడు కుక్కలను దిగబెట్టే వసతి గృహాలలో ఉండివచ్చినవే. జాతి, ఖరీదు ఈ సూక్ష్మజీవికి పట్టవు.

ఇక్కడ మా ముఖ్యాభిప్రాయం చెప్పవలసి ఉన్నది. జ్వరాలు ప్రబలినప్పుడు కుక్కలను తరిమివేయాలని, చంపివేయాలని అనేవారు ప్రతి ఊరిలోనూ ఉంటారు. పిచ్చికుక్కని ముద్రవేసి చంపడం మనకు సామెతగా ఉన్నదే. కాని ఎలుకజ్వరం విషయంలో కుక్క ముద్దాయి కంటే సాక్షి అనడమే న్యాయం. కుక్క మూత్రం వల్ల మనిషికి సోకే అవకాశం లేకపోలేదు; జాగ్రత్త అవసరమే. ఐనా ఈ రోగానికి ప్రధానమైన నిలవ ఎలుకే. కుక్క మనకంటే ముందుగా బురదలో దిగుతుంది, మనకంటే ముందుగా జబ్బుపడుతుంది. వరద తరువాత ఒక వీధిలో రెండు కుక్కలు కామెర్లతో పడిపోతే, ఆ వీధి నీటిని, ఎలుకలను, జ్వరంతో పడుకున్న మనుషులను పరీక్షించవలసిన సమయం వచ్చిందని అర్థం. సాక్షిని చంపితే నేరం సమసిపోదు. దానిని తెలుసుకొనే మార్గమే పోతుంది.

మరొక మాట. కామెర్లు అనగానే పసరుమందు కోసం పరుగెత్తడం మన పల్లెల్లో పరిపాటి. కామెర్లన్నీ ఒకటి కావు. ఎలుకజ్వరం సూక్ష్మజీవి వల్ల కలిగేది. డాక్సీసైక్లిన్, పెన్సిలిన్ వంటి సాధారణ ఔషధాలకు లొంగేది. తొలిరోజుల్లో లొంగే రోగం పసరు కోసం గడిపిన వారం రోజుల్లో మూత్రపిండాలను తినివేస్తుంది. జ్వరంతో వైద్యుని వద్దకు వెళ్ళినవారు తాము వరదనీటిలో తిరిగామనో, నాటుకు దిగామనో, ఇంట్లో కుక్క జబ్బుపడిందనో తప్పక చెప్పాలి. మలేరియా, డెంగీ పరీక్షలతో ఆగిపోకుండా వైద్యుడు ముందుకు ఆలోచించడానికి ఆ ఒక్క మాట చాలు.

చేయవలసిన పనులు కష్టమైనవి కావు. కుక్కకు లెప్టో టీకా రెండు మోతాదులు, వాటి మధ్య రెండు నుండి నాలుగు వారాల ఎడంతో వేయించి, ఆపై ఏటేటా ఒకసారి వేయించాలి. కుక్కలకు వేసే ఉమ్మడి టీకాలన్నింటిలోనూ లెప్టో భాగం ఉండదు గనుక పశువైద్యుని అడిగి తెలుసుకోవాలి. టీకా తనలోని రకాలకే గట్టి రక్షణ ఇస్తుంది కాబట్టి మిగిలిన జాగ్రత్తలు మానరాదు. కుక్కకు శుభ్రమైన నీళ్ళు ఇంటివద్దనే పెట్టాలి. దాని తిండిగిన్నెను రాత్రి ఎలుకలకు వదలరాదు. జబ్బు కుక్క మూత్రాన్ని ఒట్టిచేతులతో కడగరాదు. బ్లీచింగు నీళ్ళు చల్లి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పుండ్లున్న కాళ్ళతో బురదలో దిగవలసివస్తే బూట్లు వేసుకోవాలి.

కళాశాల కార్యవర్గానికి మా మనవి రెండు అంశాలు. జాతీయ సేవాపథకం విద్యార్థులు ప్రతి సంవత్సరం గ్రామాలకు వెళుతూనే ఉన్నారు. ఆ శిబిరాలలో ఒకదానిని మే నెలలో, వానలకు ముందే, గోదావరి తీరపు గ్రామంలో ఏర్పాటుచేసి, పశుసంవర్ధక శాఖ సహకారంతో కుక్కలకు టీకాలు వేయించాలి. రెండవది, ఈ వ్యాధి లక్షణాలను ఒక్క పుటలో తెలుగులోను, ఉర్దూలోను అచ్చువేయించాలి. గూడేలలో కోయభాషలో చెప్పగల విద్యార్థులు ఆ మాటలను నోటితో చేరవేయాలి. ఒక కరపత్రానికి, కొన్ని టీకాలకు అయ్యే వ్యయం మన వార్షికోత్సవపు పందిరి ఖర్చును మించదు.

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకోవడం మనకు అలవాటైపోయింది. గోదావరి ఎప్పుడు పొంగుతుందో మన చేతిలో లేదు. పొంగకముందు ఏం చేయాలో మాత్రం మన చేతిలోనే ఉన్నది.