మంచులో బండి ఆపేది ఎవరు?

కైకలూరులో చేపల లోడు ఎత్తగానే పరుగు మొదలవుతుంది. ట్రేలలో ఐసు కరిగేలోపు హౌరా చేరాలి, అస్సాం చేరాలి. డిసెంబరు, జనవరి నెలల్లో డెల్టాలో తెల్లవారుజామున మంచు పడితే పంట కాలవా రోడ్డూ ఒక్కటైపోతాయి. అప్పుడు బండి ఆపాలా వద్దా అన్నది ఎవరు నిర్ణయిస్తున్నారు?

డ్రైవరే గదా అంటారు. స్టీరింగు అతని చేతిలో ఉన్న మాట నిజమే. కానీ ట్రిప్పు లెక్కన డబ్బులొచ్చేవాడికి ఆగిన రాత్రి కూలి లేని రాత్రి. ఆగినవాణ్ణి పిరికివాడనే మగ మాటలు సరేసరి. ఆ లోటు తేలేది వంటింట్లో. ఆటోనగర్ దగ్గర ఒక డ్రైవరు భార్య నాతో అంది: "ఆపమని ఫోను చెయ్యాలనిపిస్తుందండీ. చేద్దామంటే పిల్లాడి ఫీజు గుర్తొస్తుంది. చెయ్యకపోతే నిద్ర పట్టదు." 'ఇంటి దగ్గర మీవాళ్లు ఎదురుచూస్తుంటారు' అని హైవే పక్కన బోర్డులు పెట్టేవాళ్లకి ఈ ఎదురుచూపు ఎంత చాకిరీయో తెలియదు. (రోడ్డు భద్రత కూడా భార్య బాధ్యతే అన్నమాట!)

1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు అని పని వేళలు లెక్కగట్టింది. దారి కనపడనప్పుడు ఆగే హక్కు మాత్రం ఇవ్వలేదు. ప్రమాదం చేసి చెప్పకుండా పోతే పదేళ్ల దాకా జైలన్న కొత్త సెక్షను మీద 2024 జనవరిలో డ్రైవర్లు బళ్లు ఆపేశారు. ఆ జులై 1న న్యాయసంహిత అమల్లోకి వచ్చినప్పుడు ఆ క్లాజును పక్కన పెట్టారు. శిక్ష దగ్గరికొచ్చేసరికి డ్రైవరొక్కడే కనిపిస్తాడు. తొందరపెట్టిన సరుకు యజమాని కనిపించడు.

ఆపడం చేతకాని పనేం కాదు. 2025 అక్టోబరు 28న మొంథా తుపాను తీరం దాటిన రాత్రి కృష్ణా, ఏలూరు సహా ఏడు జిల్లాల్లో 8.30 నుంచి ఉదయం 6 దాకా, అత్యవసర వైద్యానికి తప్ప, రాకపోకలు ప్రభుత్వమే ఆపించింది. ఎవరి ధైర్యానికీ వదిలెయ్యలేదు. మంచుకీ కొలత ఉంది: 200 మీటర్ల లోపే చూపు ఆనితే దట్టమైనది, 50 లోపైతే అతి దట్టమైనది అని వాతావరణ శాఖ లెక్క. కీసర, పొట్టిపాడు టోల్‌గేట్ల దగ్గర 50 మీటర్ల దూరాన ఒక స్తంభం పాతి, అది కనపడని వేళ లారీలను పక్క జాగాలోకి మళ్లించవచ్చు. జాగా లేకుండా ఆగమంటే రోడ్డు వార నిలబెడతారు. వెనకొచ్చే బండికి అదే గండం.

ఆగిన రాత్రి బత్తా సరుకు యజమాని ఇవ్వాలని లోడు చీటీలోనే రాయించాలి. ఆ బేరానికి యూనియన్లు ఆడవాళ్లనీ కూర్చోబెట్టాలి. ఈ సంగతి చెబితే ఆవిడ అంతా విని అడిగింది: "బత్తా సరేనండీ, అది ఎవరి చేతికిస్తారు?"