మోకాళ్ళ నొప్పులు తలకోనలోనే ఎందుకు వస్తాయి?

"మీరు ఈడే కూర్చోండి, మేం అట్లా పోయి ఇట్లా వచ్చేస్తాం."

తలకోనలో సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర ఆదివారం పూట ఓ గంట నిలబడండి. ఈ మాట ఎన్నిసార్లు వినబడుతుందో లెక్కపెట్టుకోండి. మగవాళ్ళు ప్యాంట్లు పైకి మడుచుకుని, పిల్లలు కేకలేసుకుంటూ జలపాతం వైపు వెళ్ళిపోతారు. చెట్టు కింద మిగిలేవి ఏమిటంటే... జంపఖానా, టిఫిన్ క్యారియర్లు, పదిజతల చెప్పులు, నిద్రపోతున్న చంటిబిడ్డ, చుట్టూ కోతులు, ఇంటి ఆడవాళ్ళు. ఆ కోతులని అదిలించడానికి మనల్ని తిరుపతి నుంచి తీసుకొచ్చారన్నమాట!

నాకు ఒళ్ళు మండే విషయం ఇదే. ఇవాళ దీని మీదే రాస్తున్నాను. కోపంగానే రాస్తున్నాను.

అసలు అక్కడున్నది ఎంత దారని? అదేమైనా హిమాలయమా? కొంత దూరం మెట్లు, కొంత దూరం రాళ్ళు, అక్కడక్కడా చెట్ల వేళ్ళు. ఎంత నిదానంగా నడిచినా గంట పట్టదు. నడిమధ్యాహ్నం కూడా ఎండ మొహాన పడనంత నీడ. దారి పొడుగునా పక్కన ఏరు మాట్లాడుతూనే ఉంటుంది. ఆయాసం వస్తే ఏ బండమీదో కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకోవచ్చు. మనిషి నడుమంత లావున చెట్ల మీదికి పాకిన గిల్లతీగలు, వాటికి వేలాడే పెద్ద పెద్ద కాయలు, కొమ్మ మీంచి కొమ్మకి దూకే బెట్టుడుతలు. శేషాచలం కొండల్లో 1989 నుంచి జాతీయ పార్కుగా, 2010 నుంచి జీవావరణ రిజర్వుగా కాపాడుకొస్తున్న అడవి అది. పిల్లల జీకే పుస్తకాల్లో మనమే చదివించి బట్టీ పట్టిస్తాం. ఆ చివర 270 అడుగుల ఎత్తు నుంచి దూకే నీళ్ళు. ఆ తుంపర మొహాన పడాలంటే అక్కడ దాకా నడవాలి. ఫోన్లో వీడియో తీసుకొచ్చి "ఇదిగో చూడు" అంటే తుంపర పడదు.

"నీకు మోకాళ్ళ నొప్పులు కదా" అంటారు. ఎంత ప్రేమ!

అమ్మల్లారా, ఇదే మోకాళ్ళతో మనం అలిపిరి ఎక్కుతాం. తొమ్మిది కిలోమీటర్ల దారి, 3550 మెట్లు. వట్టి కాళ్ళతో ఎక్కుతాం. మెట్టు మెట్టుకీ వంగి పసుపు రాసి, కుంకం పెట్టి మరీ ఎక్కుతాం. అరవై దాటిన పెద్దమ్మలు గోవిందా గోవిందా అంటూ మనకంటే ముందు పోతుంటారు. అక్కడ ఏ మొగుడూ "నువ్వు ఈడే కూర్చో" అనడు. పైగా "మొక్కు మొక్కుకున్నావు కదా, నడిచే పోదాం" అంటాడు. ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం ముక్కోటి వస్తే అదే శేషాచలం అడవిలో రాళ్ళూ రప్పలూ దాటుకుంటూ ఎంతమంది ఆడవాళ్ళు పోతున్నారో చూడండి. తలకోన దారి దాని ముందు ఏపాటి?

అది భక్తి, ఇది సరదా అంటారు. సరిగ్గా నేను చెప్పేదీ అదే! కొడుకు ర్యాంకు కోసం, కూతురి పెళ్ళి కోసం, ఆయన ప్రమోషన్ కోసం నడిస్తే మన మోకాళ్ళు ఉక్కు. నీళ్ళు చూద్దాం, కాసేపు చల్లగా కూర్చుందాం అని మన కోసం మనం నడిస్తే అవే మోకాళ్ళు అరిగిపోతాయి. ఏ డాక్టరూ చెప్పని జబ్బు ఇది.

బీఏలో మాకు మనుచరిత్ర పాఠం ఉండేది. ప్రవరుడు సిద్ధుడిచ్చిన లేపనం కాళ్ళకి రాసుకుని హిమాలయానికి వెళ్ళాడు. కొండలు చూశాడు, సెలయేళ్ళు చూశాడు, లేపనం కరిగిపోయాక వరూధిని కంటబడ్డాడు. పరీక్షలో అందరం వరూధిని గురించే పేజీలు నింపాం. ఇంట్లో ఉన్న ఆ ఇల్లాలి గురించి ఎవరూ ప్రశ్న ఇవ్వలేదు. ఎంతమంది అతిథులొచ్చినా విసుక్కోకుండా వండి వడ్డించే అన్నపూర్ణమ్మ అని పెద్దన గారు మెచ్చుకున్నారు, అంతే. తీర్థయాత్రలు చేసొచ్చిన అతిథులు చెప్పే కబుర్లు వంటింట్లో ఆవిడ చెవిన కూడా పడే ఉంటాయి కదా! ఆ లేపనం ఓ చుక్క ఆవిడకీ ఇద్దామని ఆ సిద్ధుడికి తట్టలేదు, ప్రవరుడికీ తట్టలేదు. అయిదువందల ఏళ్ళయింది. లేపనం బదులు ఇన్నోవా వచ్చింది. మిగతాదంతా అట్లాగే ఉంది.

ఇక వంట సంగతి. విహారయాత్ర అంటే మనకి తెల్లవారుజామున మూడున్నరకి మొదలు. చిత్రాన్నం కలపాలి, వడలు కాల్చాలి, పెరుగన్నంలో దానిమ్మ గింజలు వెయ్యాలి (వెయ్యకపోతే ఆడబిడ్డ అడుగుతుంది), పిల్లలకి వేరే, మామగారికి ఉప్పు తక్కువది వేరే. అక్కడికి చేరేసరికే నడుం విరిగి ఉంటుంది. అప్పుడు "రా నడుద్దాం" అన్నా మనమే "మీరు పోయి రండి" అంటాం. చూశారా, "ఆవిడే రానంది" అని మాట మన మీదికే వస్తుంది. ముందు రోజు రాత్రి నుంచి మనిషిని అలసగొట్టి, పొద్దున "నీ ఇష్టం" అంటే అది ఇష్టం ఎట్లా అవుతుంది? నలభై మందికి వండినవాళ్ళు నలభై నిమిషాలు నడవలేరా అంటే, నడవగలరు. వండకుండా ఉంటే నడవగలరు.

కొందరు భయం చెబుతారు. నీళ్ళు, బండలు, పాచి, జారితే ఏం గతి అని. నిజమే, జలపాతాల దగ్గర ప్రాణాలు పోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. ఆ వార్తలు ఒకసారి శ్రద్ధగా చదవండి. లోతు తెలియని మడుగులోకి దూకినవాళ్ళు, తాగి ఈతకు దిగినవాళ్ళు, సెల్ఫీ కోసం పాచిబండ ఎక్కినవాళ్ళు. దారిన నడుచుకుంటూ పోయి, దూరం నుంచి చూసి, కాళ్ళు తడుపుకుని వచ్చిన అత్తయ్యలు కారు అందులో. జాగ్రత్త అక్కర్లేదని కాదు. ఎగువన వానపడితే ఏరు ఒక్కసారిగా పెరుగుతుంది, అట్లాంటి రోజు ఎవరూ పోకూడదు. సాయంత్రం చీకటి పడకముందే బయటికి వచ్చెయ్యాలి. ఇవి అందరికీ చెప్పాల్సిన మాటలు. ముందు ఆ కుర్రాళ్ళకి చెప్పాల్సిన మాటలు. వాళ్ళు దూకుతుంటే చప్పట్లు కొట్టి, మనల్ని చెట్టుకింద కూర్చోబెట్టడం ఏం భద్రత?

మన అసలు ఇబ్బందులు ఎవరూ అడగరు. బాత్రూం. ఇలాంటి చోట్లకి పోయేరోజు పొద్దుట్నుంచీ నీళ్ళు తాగకుండా ఉండే ఆడవాళ్ళు ఎంతమందో నాకు తెలుసు, మీకూ తెలుసు. టికెట్టు మనకీ కొంటున్నారు కదా, మరి శుభ్రమైన మరుగుదొడ్డి, తడిసిన చీర మార్చుకోవడానికి తలుపున్న గది, నీళ్ళ దగ్గర ఓ మహిళా గార్డు... ఏ జలపాతం దగ్గరైనా ఇవి ముందుండాలి, సెల్ఫీ పాయింట్లు తర్వాత. తడిసిన ఆడపిల్ల వైపు ఫోన్ తిప్పేవాడిని అక్కడికక్కడే పట్టుకునే ఏర్పాటు ఉండాలి. సీసాలతో వచ్చే బ్యాచ్‌ని గేటు దగ్గరే తిప్పి పంపాలి. ఇవేవీ చెయ్యకుండా "ఆడవాళ్ళకి అక్కడ బాగుండదు" అని తేల్చేస్తే, బాగుండకుండా చేసినవాళ్ళకి అడవి రాసిచ్చినట్టే.

మనలో కొందరు పెద్దావిడలున్నారు, వాళ్ళతోనూ తగువే నాకు. "కోడలు పిల్ల కేకలేసుకుంటూ నీళ్ళలో ఆడటమేంటి" అనే రకం. అమ్మా, మీరు చిన్నప్పుడు ఏట్లో ఈదారు, చింతచెట్లు ఎక్కారు, ఆ కథలు మీరే మాకు చెప్పారు. ఆ కోడలికి ఇప్పుడు ముప్పై రెండు. అరవై వచ్చాక ఎక్కమంటారా?

నిజానికి మనకి మంచి రోజులు ముందున్నాయి. మనవైపు వానలు ఎక్కువగా తులారాశిలో, ఈశాన్య రుతుపవనాలతో పడతాయి కాబట్టి కార్తీకంలో తలకోన నిండుగా ఉంటుంది. వనభోజనాలూ అప్పుడే. మా ఇంటి వాట్సప్ గుంపులో ఈసారి నేను ముందే పెట్టేశాను. వంట లేదు. చిత్రాన్నం తినాలనుకున్నవాళ్ళు హోటల్లో పార్సిల్ కట్టించుకోవచ్చు, లేదా మా మరిది కలపొచ్చు, అతను బాగానే కలుపుతాడు, అడగాలంతే. సామాన్లు కారు డిక్కీలో తాళం వేసి ఉంటాయి, కోతులకి కాపలా అక్కర్లేదు. చంటిబిడ్డని వాళ్ళ నాన్న ఎత్తుకుంటాడు. ఆడవాళ్ళందరూ వెనక పట్టీ ఉన్న చెప్పులో, బూట్లో వేసుకురావాలి, చుడీదార్ ఉంటే మంచిది, చీరైనా పర్వాలేదు, అలిపిరి చీరతోనే ఎక్కాం. ఆదివారం కాకుండా మంగళవారం పోదాం, రద్దీ ఉండదు.

"మంగళవారం మాకు ఆఫీసు కదా వదినా" అని మరిది రాశాడు.

"మరి మీరు ఈడే ఉండండి, మేం అట్లా పోయి ఇట్లా వచ్చేస్తాం" అని మా తోడికోడలు జవాబిచ్చింది. ఇప్పటికి తొమ్మిదిమందిమి లేచాం. బండిలో ఇంకా మూడు సీట్లున్నాయి.