ఫ్రీక్వెన్సీ కౌంటర్ కొంటున్నారా? ముందు వెనక ప్యానెల్ చూడండి!

కొత్త ఫ్రీక్వెన్సీ కౌంటర్ అనగానే చాలామంది చూసేది డిస్‌ప్లేలో ఎన్ని డిజిట్లున్నాయనే. ఫోన్‌లో మెగాపిక్సెల్స్ చూసి మోసపోవడం లాంటిదే ఇది కూడా. నా సలహా ఒక్కటే. వెనకాల 10 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్ ఇన్‌పుట్ లేకపోతే, ఎక్కువ డిజిట్ల కోసం ఎక్కువ డబ్బు పెట్టొద్దు.

ఎందుకంటే కౌంటర్ పని సింపుల్. ఒక సెకనులో ఎన్ని సైకిల్స్ వచ్చాయో లెక్కపెడుతుంది. కానీ ఆ సెకను ఎంతో చెప్పేది లోపలున్న క్రిస్టల్. వేడి మారినా, వయసు పెరిగినా దాని లెక్క కాస్త జరుగుతుంది. పది లక్షల్లో ఒక వంతు, అంటే 1 పీపీఎం తప్పినా చాలు, 100 మెగాహెర్ట్జ్ దగ్గర 100 హెర్ట్జ్ తేడా వచ్చేస్తుంది. ఇక ఆ చివరి డిజిట్లు అలంకారమే!

దీనికి మందు జీపీఎస్‌డీఓ. జీపీఎస్ శాటిలైట్లలో అటామిక్ క్లాక్‌లు ఉంటాయి. ఈ చిన్న బాక్స్ వాటి టైమింగ్‌తో తన ఆసిలేటర్‌ను సరిచేసుకుంటూ 10 మెగాహెర్ట్జ్ సిగ్నల్ ఇస్తుంది. మంచి యూనిట్ బాగా లాక్ అయ్యాక, అదే 100 మెగాహెర్ట్జ్ దగ్గర తప్పు 0.1 హెర్ట్జ్ కంటే తక్కువే.

అయితే యాంటెనాకు ఆకాశం కనబడాలి, లాక్ అయ్యేదాకా ఓపిక పట్టాలి. కౌంటర్‌లో ఎక్స్‌టర్నల్ రిఫరెన్స్ సెలెక్ట్ అయిందో లేదో కూడా చూసుకోవాలి. దీనివల్ల రిజల్యూషన్ పెరగదు, ఉన్న డిజిట్లను నమ్మొచ్చు, అంతే.

ఆర్డుయినో ప్రాజెక్టులకు ఇదంతా అక్కర్లేదు. రేడియో పనులు చేస్తుంటే మాత్రం కౌంటర్ కంటే ముందు రిఫరెన్స్ మీద ఖర్చు పెట్టండి. రేపు సిగ్నల్ జనరేటర్ కొన్నా, దానికి రిఫరెన్స్ ఇన్‌పుట్ ఉంటే ఇదే పనికొస్తుంది.